పిల్లల గొడవలో తీర్పు చెప్పకండి

ప్రశ్న: మాది ఖమ్మం. బాబు ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో ఉన్నాడు. పాప నాలుగో తరగతి. బాబుకి చదువులో ఢోకా లేదు కానీ చిన్న మాటకే చెయ్యి చేసుకుంటాడు. పోయిన నెల టెస్టులో మార్కులు తగ్గాయని క్లాసులో ఒకబ్బాయి నవ్వితే తోసేశాడు. ఆ అబ్బాయి కళ్లజోడు విరిగింది. స్కూలుకి పిలిపించి హెచ్చరించారు. మా వారేమో "మగపిల్లాడికి ఆ మాత్రం లేకపోతే లోకం తొక్కేస్తుంది" అంటారు. ఇంట్లో కూడా ట్యాబ్ కోసం రోజూ పేచీనే. పాపతో మాత్రం ఏ ఇబ్బందీ లేదు, అన్నయ్య ఏది లాక్కున్నా ఊరుకుంటుంది, బంగారు తల్లి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, వీడికి వయసు దాటిపోయిందా? ఇంటర్ అయ్యాక ఏదైనా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులో చేర్పిస్తే సరిపోతుందా? అసలు ఇవన్నీ కెరీర్‌కి అంత అవసరమా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బాబు గురించి చాలా రాశారు, పాప గురించి ఒక్క వాక్యంలో ముగించారు. నన్ను మాత్రం ఆ ఒక్క వాక్యమే ఎక్కువసేపు పట్టి ఉంచింది. ఎందుకో చెబుతాను.

కొన్నాళ్ల క్రితం ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. బీటెక్ మంచి మార్కులతో పాసై, క్యాంపస్‌లోనే ఉద్యోగం తెచ్చుకుని, ఐదు నెలలకే రాజీనామా చేసేసింది. పని చేతకాక కాదు. తను చేసిన పనిని టీమ్‌లో ఇంకొకరు తమదిగా చూపించుకున్నారు. ఆ సంగతి మేనేజర్‌కి చెప్పడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. రోజూ ఇంటికొచ్చి ఏడ్చేది. చివరికి ఒకరోజు మెయిల్ పెట్టేసి బయటకు వచ్చేసింది. మాటల మధ్యలో వాళ్లమ్మ గారు అన్నారు, "చిన్నప్పటి నుంచీ దీనితో మాకు ఏ గొడవా లేదండీ, బంగారు తల్లి" అని. మీటింగులో అందరి ముందూ టీమ్ లీడ్ మీద అరిచి ఉద్యోగం పోగొట్టుకున్న అబ్బాయిలు కూడా నా దగ్గరకు వస్తారు. అరిచిన పిల్లవాడికీ, నోరు మెదపని పిల్లకూ లోపం ఒకటే. ఎదుటి మనిషితో తేడా వచ్చినప్పుడు, సంబంధం తెంచుకోకుండా మన మాట ఎలా చెప్పాలో ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు.

కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1974లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. హెచ్‌ఆర్ శిక్షణల్లో ఇప్పటికీ దాన్ని వాడతారు. గొడవ వచ్చినప్పుడు మనిషి ఐదు రకాలుగా నడుచుకుంటాడని వాళ్లు చెప్పారు. పంతం పట్టి గెలవడం, లొంగిపోవడం, తప్పించుకోవడం, చెరికొంత తగ్గడం, ఇద్దరికీ కావలసింది దొరికే దారి వెతకడం. ఈ ఐదింటిలో ఏదీ తప్పు కాదు, ఒక్కోదానికి ఒక్కో సమయం ఉంటుంది. మీ బాబుకి మొదటిదొక్కటే వచ్చు. పాపకి రెండోదొక్కటే వచ్చు. మిగతావి వాళ్లకు ఇంటి దగ్గరే రావాలి, అదీ ఆ ట్యాబ్ పేచీలోనే.

మన చిన్నప్పుడు ఇవి ఎక్కడ నేర్చుకున్నామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వీధిలో ఆడుకునేటప్పుడు దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకునేవాళ్లం. అవుటా కాదా అన్న తగువు వస్తే అరగంట వాదించుకునేవాళ్లం, చివరికి "తూచ్, మళ్లీ ఆడదాం" అనుకునేవాళ్లం. "నీతో కటీఫ్" అని మొహం తిప్పుకున్నవాళ్లమే సాయంత్రానికి జట్టు కలిసేవాళ్లం. అంపైర్ ఉండేవాడు కాదు. ఆట ఆగిపోతే అందరికీ నష్టం, కాబట్టి ఎవరో ఒకరు తగ్గాలి, లేదా ఇద్దరూ ఒప్పుకునే కొత్త రూలు పెట్టుకోవాలి. నచ్చచెప్పడం, తగ్గడం, పట్టుబట్టడం అన్నీ అక్కడే వచ్చేవి. ఇప్పుడు పొద్దున్న స్కూలు, సాయంత్రం ఫౌండేషన్ క్లాసు, ఆదివారం టెస్టు. పెద్దవాళ్ల పర్యవేక్షణ లేకుండా తోటి పిల్లలతో గడిపే గంటలు మీ బాబుకి వారంలో ఎన్ని ఉన్నాయో లెక్క వేసి చూడండి. ఆ లెక్క నన్ను చాలా బాధపెడుతుంది. మిగిలింది ఇల్లు ఒక్కటే. అక్కడేమో మనం జడ్జీలమై కూర్చుంటున్నాం.

ట్యాబ్ కోసం అరుపులు వినపడగానే మీరేం చేస్తారు? వంటింట్లోంచి వచ్చి "ఎవరు ముందు తీసుకున్నారు?" అని అడుగుతారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెబుతారు. "పెద్దవాడివి, నువ్వు ఇచ్చెయ్" అనో, "అన్నయ్యకు టెస్ట్ ఉంది, నువ్వు ఊరుకో తల్లీ" అనో తీర్పు చెబుతారు, లేదా ట్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇల్లు సర్దుమణుగుతుంది. కానీ ఆ గొడవలో పిల్లలు నేర్చుకోవలసిన పాఠం మీరు తీసేసుకున్నారు. గెలిచినవాడు అమ్మని ఎలా ఒప్పించాలో నేర్చుకున్నాడు. ఓడిన పిల్ల మాట్లాడి లాభం లేదని నేర్చుకుంది.

ఈ వారం ఇలా చేసి చూడండి. ముందు గొంతు పెంచకుండా వెళ్లి వాళ్ల మధ్య కూర్చోండి. ట్యాబ్ మీ చేతిలోకి తీసుకుని "ఇది కాసేపు నా దగ్గర ఉంటుంది" అనండి. "నీకు బాగా కోపం వచ్చినట్టుంది", "నీకు ఏడుపొస్తోంది కదూ" అని ఇద్దరి మనసులో ఉన్నదీ పైకి చెప్పండి. ఇది వింతగా అనిపిస్తుంది కానీ, ఎవరో గుర్తించారు అనగానే పిల్లల కోపం సగం దిగుతుంది. తర్వాత ఒక్కొక్కరినీ "ఏం కావాలి నీకు?" అని అడగండి. "ఎవరిది తప్పు" అన్న ప్రశ్న వద్దు. బాబు ఫ్రెండ్స్‌తో గేమ్ ఏడు గంటలకే ఆడాలంటాడు. పాప బొమ్మల వీడియో చూస్తూ తినాలంటుంది. విన్నది తిరిగి చెప్పండి: "అయితే ఇద్దరికీ ఏడింటికే కావాలి, ఉన్నది ఒక్కటే. ఏం చేద్దాం?" ఇక్కడ మీరు నోరు కట్టేసుకోవాలి. ఎంత మంచి ఉపాయం తోచినా చెప్పకండి. వాళ్లు చెప్పింది మీకు అన్యాయంగా కనిపించినా, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అలాగే కానివ్వండి. పావుగంట తర్వాత వెళ్లి "ఎలా నడుస్తోంది?" అని చూసి రండి. మొదటి నాలుగైదు సార్లు ఇది పూర్తిగా విఫలమవుతుంది. కుక్కర్ విజిల్ వేస్తుంటే ఇదంతా ఎవరికి ఓపిక అని మీకే విసుగొస్తుంది. ఆ రోజున మానేసి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

ఈ మెట్లు నా సొంతం కాదు. చిన్నపిల్లల గొడవల కోసం అమెరికాలోని హైస్కోప్ అనే సంస్థ వాడే పద్ధతి ఇది. మీరడిగిన "కెరీర్‌కి అవసరమా" అన్న ప్రశ్నకు ఆ సంస్థ కథలోనే జవాబు ఉంది. 1962లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్లో పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకున్నారు. మూడు నాలుగేళ్ల వయసులో వాళ్లలో 58 మందికి ప్రీస్కూలు చెప్పారు, మిగతావారికి చెప్పలేదు. ఏం చేయాలో పిల్లలే అనుకోవడం, చేయడం, తర్వాత కూర్చుని ఎలా జరిగిందో మాట్లాడుకోవడం, ఇదే అక్కడి పద్ధతి. ఆ పిల్లల ఐక్యూ మొదట పెరిగింది, కొన్నేళ్లకే ఆ తేడా మాయమైంది. ఐక్యూ ఒక్కటే కొలమానమైతే ప్రయోగం విఫలమైనట్టే. కానీ నలభై ఏళ్ల వయసులో చూస్తే, ప్రీస్కూలుకి వెళ్లినవాళ్లు ఎక్కువ సంపాదిస్తున్నారు, హైస్కూలు పూర్తిచేసినవాళ్లు వాళ్లలోనే ఎక్కువ, అరెస్టులు తక్కువ. 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జేమ్స్ హెక్‌మన్ ఈ లెక్కలను తిరగేసి, ఆ లాభంలో ఎక్కువ భాగం నడవడికలో వచ్చిన మార్పు వల్లేనని తేల్చారు. ర్యాంకు కోసం మనం పడే టెన్షన్‌లో పదో వంతు శ్రద్ధ ఈ వైపు పెట్టినా చాలని నేను అడుగుతున్నది అందుకే.

అలాగని పదమూడేళ్లకు ఆలస్యమైపోయిందని కాదు. సామెతను కాసేపు పక్కన పెట్టండి. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మీ అబ్బాయి ఇంకా మొక్కే. కానీ ఇంటర్ దాకా ఆగడం మాత్రం వద్దు. హాస్టల్లో నలుగురితో ఒకే గది, పొద్దున్నుంచి రాత్రి దాకా చదువు, అమ్మ దగ్గర లేదు. అక్కడ ఈత నేర్చుకోవడం కష్టం, నేర్చుకుని దిగాలి. కోర్సుకు డబ్బు కట్టాలని కూడా నేను చెప్పను. పది రోజుల క్లాసులో షేక్‌హ్యాండ్, స్టేజీ మీద మాట్లాడటం వస్తాయేమో కానీ, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఆపుకోవడం రోజూ జరిగే గొడవల్లోనే వస్తుంది.

ఇక కళ్లజోడు సంగతి. స్కూల్లో హెచ్చరించారు, మీరు తిట్టి ఉంటారు, బహుశా "సారీ" కూడా చెప్పించి ఉంటారు. అది సరిపోదు. నవ్వితే ఎంత అవమానంగా అనిపించిందో ముందు వాణ్ని చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. ఆ బాధ నిజమైనదే. తర్వాత అడగండి: "ఆ అబ్బాయి ఆ రోజు కళ్లజోడు లేకుండా బోర్డు ఎలా చూసుంటాడు? ఇంటికెళ్లి ఏం చెప్పుంటాడు? దీన్ని నువ్వెలా సరిచేస్తావు?" జవాబు వాడి నోట రావాలి. తన పాకెట్ మనీలోంచి కొంత ఇస్తాననవచ్చు, వాళ్లింటికి వెళ్దామనవచ్చు. మీరు తోడు వెళ్లండి, మాట మాత్రం వాణ్నే మాట్లాడనివ్వండి. "నువ్వు నవ్వితే నాకు కోపమొచ్చింది, కానీ తోయడం నాది తప్పు" అన్న ఒక్క వాక్యం ముందే ఇంట్లో రెండుసార్లు అనిపించి తీసుకెళ్లండి.

మీ వారి భయాన్ని నేను కొట్టిపారేయను. మెతకగా ఉన్నవాణ్ని తొక్కేసేవాళ్లు ఉన్నారు. ఆయనతో ఈ మాట చెప్పండి: గట్టిగా నిలబడటం వేరు, చెయ్యెత్తడం వేరు. చెయ్యెత్తినవాడి న్యాయమైన మాట కూడా ఎవరూ వినరు. మీ ఉత్తరంలోనే చూడండి, నవ్విన అబ్బాయి తప్పు గురించి స్కూల్లో ఒక్కరైనా మాట్లాడారా? ఇంకొక సంగతి, ఇది మీ ఇద్దరికీ. మీరు వాదించుకోవడం పిల్లలు చూస్తారు, రాజీ పడటం మాత్రం వాళ్లు నిద్రపోయాకే జరుగుతుంది. అందుకే పెద్దవాళ్లు ఎలా కలుస్తారో వాళ్లకు తెలియదు. అప్పుడప్పుడు వాళ్లు వింటుండగానే "ఇందాక నేను అలా అనకుండా ఉండాల్సింది" అనండి.

ఒక్క జాగ్రత్త. పైన చెప్పిందంతా సమవుజ్జీల మధ్య గొడవకే. ఒకడు పెద్దవాడై రోజూ ఒకరినే ఏడిపించడం, డబ్బు లాక్కోవడం, ఒంటి మీద చెయ్యి వేయడం లాంటివి గొడవలు కావు, వేధింపులు. అక్కడ "మీరూ మీరూ తేల్చుకోండి" అనకూడదు, పెద్దవాళ్లు వెంటనే కల్పించుకోవాలి. బాబు కోపం తగ్గకుండా నెలల తరబడి సాగినా, నిద్ర, తిండి దెబ్బతిన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కెరీర్ గురించి మీరు సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగా చెబుతాను. సైన్యంలో అధికారిగా చేరాలంటే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజులు జరుగుతుంది. అందులో గ్రూప్ ప్లానింగ్ అనే పరీక్షలో ప్రతి ఒక్కరూ తమ ప్లాన్ రాసి, తర్వాత అందరూ చర్చించి ఒకే ప్లాన్‌కి రావాలి. ఎదుటివాడి మాట విననివాడూ, తన మాట చెప్పనివాడూ ఇద్దరూ అక్కడ వెనకబడతారు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది, అందులో వచ్చే కేస్ స్టడీల్లో చాలా వరకు మనుషుల మధ్య చిక్కులే. గొడవలు తీర్చడమే వృత్తి అయిన రంగం కూడా ఇప్పుడు పెరుగుతోంది. 2023లో దేశంలో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం 2021లో ప్రారంభమైంది. క్లాట్ లేదా లాసెట్ రాసి న్యాయవిద్య చదివినవాళ్లు, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), సైకాలజీ, హెచ్‌ఆర్ చేసినవాళ్లు ఇటు రావచ్చు. పదమూడేళ్ల పిల్లవాడికి ఇప్పుడే ఆ దారి గీయమని కాదు. ఇంజినీరే అయినా రేపు పది మందితో కలిసి పని చేయాలి కదా.

చివరగా మళ్లీ పాప దగ్గరకు వస్తాను. ట్యాబ్ దగ్గర కూర్చున్నప్పుడు ముందు పాపనే అడగండి, "నీకేం కావాలమ్మా?" అని. "ఏం వద్దు, అన్నయ్యకిచ్చెయ్" అంటుంది. దాన్ని మంచితనంగా మెచ్చుకోకండి. "అన్నయ్య సంగతి తర్వాత, నీకేం కావాలి?" అని మళ్లీ అడిగి ఊరుకోండి. చాలాసేపు మాట్లాడకపోవచ్చు. బాబు తొందరపెడతాడు, మీకూ పొయ్యి మీద పని ఉంటుంది. అయినా కదలకండి. పాప నోట మాట వచ్చేదాకా అక్కడే కూర్చోండి.