ముప్పై నాలుగేళ్లకు స్పోర్ట్స్ బైక్ కొనుక్కోవడం తప్పా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 34 ఏళ్లు. నాన్నగారు పోయేనాటికి నాకు 19. అప్పటి నుంచి మోటారు వైండింగ్ దుకాణం నడుపుతూ ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాను, ఇంటికి స్లాబు వేయించాను. నెలకు సగటున 38,000 రూపాయలు మిగులుతుంది. పద్నాలుగేళ్లుగా ఒకటే 100 సీసీ బండి. ఇప్పుడు టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 కొనాలని ఉంది. అన్నీ కలిపి 3,20,000 అవుతుందన్నారు. చేతిలో ఉన్న 1,20,000 కట్టి, మిగిలిన 2,00,000 మూడేళ్ల అప్పు తీసుకుందామనుకుంటున్నాను. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. పెద్ద చెల్లెలి భర్త ‘ఈ వయసులో కుర్రాళ్ల బండేమిటి’ అన్నాడు. నా భార్య మాత్రం ఏమీ అనడం లేదు. మాకు ఆరేళ్ల పాప. ఆ బండికి అంత ధర పెట్టవచ్చా? నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: సోదరా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు. రెండవదానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో బరువంతా అక్కడే ఉంది. మీరు తప్పు చేయడం లేదు. పందొమ్మిదేళ్ల వయసులో తండ్రి స్థానంలో నిలబడి, పదిహేనేళ్లపాటు తన కోసం ఏమీ అడగని మనిషి ఇప్పుడొక కోరిక కోరితే, అది ఇంట్లోవారికి కొత్తగా, కొంచెం భయంగా కూడా కనిపిస్తుంది. మీ అమ్మగారి కన్నీటిలో డబ్బు చింత కన్నా, భర్తను పోగొట్టుకున్న మనిషికి కొడుకు వేగం గురించి ఉండే భయమే ఎక్కువగా ఉందని నాకనిపిస్తోంది. చెల్లెలి భర్త మాటను మాత్రం మీరు మనసులో పెట్టుకోనవసరం లేదు. ఇల్లు నడిపినవాడికి తన ఇష్టం గురించి మాట్లాడుకునే హక్కు ఏ వయసులోనైనా ఉంటుంది.

ఇక బండి సంగతి. 2017 డిసెంబరులో ఆర్ఆర్ 310 వచ్చినప్పుడు దాని షోరూము ధర 2,05,000 రూపాయలు. 2024 సెప్టెంబరులో మార్పులతో వచ్చిన బండి ధర 2,75,000 నుంచి మొదలైంది. బీఎండబ్ల్యూతో కలిసి రూపొందించిన 312 సీసీ ఇంజను, 38 పీఎస్ శక్తి, నీటితో చల్లబడే ఏర్పాటు, వానకూ ఊరికీ రేసు ట్రాక్‌కూ వేర్వేరుగా మార్చుకోగల నడక, కొంచెం ఎక్కువ ధర పెడితే క్లచ్ నొక్కకుండానే గేరు మార్చే సదుపాయం, మంచి పట్టున్న రేడియల్ టైర్లు అన్నీ అందులో ఉన్నాయి. నిమిషానికి 9,800 చుట్లు తిరిగే ఒంటి సిలిండరు ఎంత వేడెక్కుతుందో, దాన్ని చల్లగా ఉంచడానికి ఎంత పనితనం కావాలో, రోజూ కాలిపోయిన కాయిళ్లు విప్పే మీకు నేను చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఆ మేలు కూడా మీకు అందుతుంది. యంత్రంగా చూస్తే అది ఆ ధరకు తగిన బండే.

అయితే ఆ ధరలో పెద్ద భాగం వేగానికీ, వేగంలో నిలకడకూ చెల్లిస్తున్నారని గుర్తుంచుకోండి. గంటకు 160 కిలోమీటర్లు దాటి పోగల ఆ బండిని మీరు నడిపేది కొండమలుపులున్న 326వ జాతీయ రహదారి మీదా, పార్వతీపురం వైపు దారిలోనూ. నాలుగు వరుసలు లేని మామూలు రోడ్డు మీద మోటారు సైకిలుకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 60. అంటే మీరు కొన్న శక్తిలో సగం కూడా వాడుకునే చోటు మీకు దొరకదు. అది తెలిసీ కావాలనుకుంటే తప్పేమీ లేదు. బీరువాలో ఉండే పట్టుచీర కూడా రోజూ కట్టుకునేది కాదు కదా. కాని బ్రేకులు, టైర్లు, మలుపుల్లో స్థిరత్వం మాత్రం మన ఘాట్ రోడ్ల మీద ప్రతిరోజూ పనికివస్తాయి. ఈ బండిలో నాకు నచ్చినదీ, మీ అమ్మగారికి వివరించి చెప్పదగినదీ ఆ భాగమే.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. వడ్డీ 12 శాతం అనుకుంటే 2,00,000కు మూడేళ్లపాటు నెలకు సుమారు 6,640 కట్టాలి. వడ్డీయే దాదాపు 39,000 అవుతుంది. సగటున 38,000 అని రాశారు, కాని మీ వృత్తిలో వేసవిలో ఫ్యాన్లు, పంపులు వరుసగా వస్తాయి, వానాకాలంలో చేయి ఖాళీగా ఉంటుంది. వాయిదాకు మాత్రం ఆషాఢమూ శ్రావణమూ తెలియవు. అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది, ఉన్న 1,20,000 మొత్తం ఒక్కసారి బండిలో పెట్టేయడం. మీ ఊళ్లో పెద్ద జబ్బు వస్తే విశాఖపట్నం పరుగెత్తాలి. దారిఖర్చుకూ, ఆసుపత్రిలో కట్టే మొదటి డబ్బుకూ చేతిలో ఏమీ లేకుండా ఉండే స్థితిలోకి ఇంటికి ఒక్కడే ఆధారమైన మీరు వెళ్లకూడదు. మూడేళ్లు దాటేసరికి ఇన్సూరెన్సు లెక్కలో బండి విలువ 40 శాతం తరిగిపోతుందనీ, స్పోర్ట్స్ బండి నిలబడినచోటే ఒరిగినా పక్క ప్లాస్టిక్ భాగాలు పగిలి ఖర్చు మీద పడుతుందనీ కూడా లెక్కలో వేసుకోండి.

అందువల్ల ఇలా చేయమంటాను. ఇంకా తీసుకోని ఆ అప్పుకు వాయిదా ఇప్పటి నుంచే కట్టడం మొదలుపెట్టండి. నెలకు 6,640 చొప్పున పోస్టాఫీసులో గాని బ్యాంకులో గాని మీ పేరనే వేసుకోండి, మధ్యలో వానాకాలం వచ్చేలా చూసుకుని ఆరు నెలలు. ఇల్లు ఇబ్బంది పడకుండా గడిస్తే మీ భుజం ఆ బరువు మోయగలదని తేలుతుంది, పైగా దాదాపు 40,000 చేతికి వచ్చి, పాత పొదుపులో అంత మేర కదిలించకుండా ఉంచవచ్చు. ఏ నెలలోనైనా పాప ఫీజు ఆగిపోతే, బండి ఇంకో ఏడాది ఆగాలని తెలుస్తుంది. విశాఖలో బంధువుల చిరునామా మీద కొంటే పన్ను కలిసివస్తుందని ఎవరైనా చెబితే వినకండి. చట్ట ప్రకారం మీరు నివసించే రాష్ట్రంలోనే, అంటే ఒడిశా నంబరుతోనే, రిజిస్ట్రేషను జరగాలి. బండితోపాటు మీ పేర 15,00,000 రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పక తీసుకోండి.

పాత బండిని మార్పిడికి ఇచ్చేయకండి. ఆ పద్నాలుగేళ్ల బండికి వాళ్లు కట్టే విలువ ఎంతని? కాలిన మోటారునూ తీగచుట్టలనూ వెనుక కట్టుకుని దుకాణానికి తెచ్చేది అదే. ఆర్ఆర్ 310 మీద ఆ పని జరగదు. పదిహేనేళ్లు నిండేలోగా తనిఖీ చేయించి ఆర్సీ పునరుద్ధరించుకుంటే ఇంకో అయిదేళ్లు మీ కుటుంబానికి అన్నం పెడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచింపజేసింది ‘నా భార్య మాత్రం ఏమీ అనడం లేదు’ అన్న వాక్యం. ఆ మౌనాన్ని మీరు ఒప్పుకోలుగా తీసుకుంటున్నారేమోనని నా సందేహం. పండక్కి పుట్టింటికి వెళ్లినా, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినా ఇన్నాళ్లూ ఆమె మీ వెనుక, పాప ముందు కూర్చుని ఆ పాత బండి మీదే వెళ్లి ఉంటారు. (ముగ్గురు ఎక్కడం చట్టం ఒప్పుకోదు, ఆరేళ్ల పిల్లకు హెల్మెట్ కూడా తప్పనిసరి, ఈ మాట కోపంగా కాదు, పాప మీద అక్కరతో అంటున్నాను.) మీరు కోరుకున్న బండికి వెనుక సీటు చిన్నది, ఎత్తైనది, పట్టుకోవడానికి వీలు తక్కువ, చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే మనిషి కోసం తయారైనది కాదు. పదిహేనేళ్ల తరువాత మీరు కన్న ఒక్క కలలో తనకూ పాపకూ చోటు లేదని ఆమెకు అనిపించి ఉంటే, ఆ మాట నోటితో అనలేరు, ఎందుకంటే మీరు ఎంత కష్టపడ్డారో ఆమెకే అందరికన్నా బాగా తెలుసు.

కాబట్టి ఆమెను ‘కొననా, వద్దా’ అని అడగకండి, మీ ముఖం చూసి కొనమనే అంటారు. షోరూముకు ఇద్దరూ కలిసి వెళ్లండి. నడిపి చూసేటప్పుడు ఆమెను వెనుక కూర్చోబెట్టుకుని, ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లి రండి. తిరిగి వచ్చాక అక్కడి ఉద్యోగి ముందు కాకుండా, ఇంటికి వెళ్లి టీ తాగుతూ, ఎలా ఉందని అడగండి. నడుము పట్టేసిందన్నా, భయమేసిందన్నా, బాగుందన్నా మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. ఆమె కూర్చోలేనంటే, ఈ ధరలోనే ఇద్దరూ సుఖంగా వెళ్లగల సీటున్న బండ్లు ఏమున్నాయో ఆమెతోనే కలిసి చూడండి. ‘మీరు ఇదే కొనుక్కోండి, మేము బస్సులో వస్తాం’ అంటే మాత్రం, ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కాల్సి వస్తుందో ఇద్దరూ కూర్చుని లెక్క వేసి, ఆ తరువాతే అడ్వాన్సు కట్టండి.