ఎనలేని సేవ అంటే ఎంత?

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

కొండా లక్ష్మణ్ బాపూజీ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి మీ నానమ్మ కోసం. సొసైటీ పాస్‌బుక్కును ఆవిడ బియ్యం డబ్బాలో దాచుకుందని రాశావే, ఆ వాక్యం బాగుంది. అలాంటిది ఇంకొకటి లేదు.

1915లో వాంకిడిలో పుట్టడం, నిజాం మీద పోరాటం, 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకోవడం, 2001లో ఆయన ఇల్లు జలదృశ్యంలో టీఆర్‌ఎస్ పార్టీ పుట్టడం అన్నీ ఉన్నాయి. 2012లో 97వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు పోయారని కూడా లెక్కగట్టావు. చేనేత సహకార సంఘాలను కూడగట్టిన సంగతి వచ్చేసరికి మాత్రం "ఎనలేని సేవ చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎన అంటే సాటి. దేంతో తూచి చూశావమ్మా, సాటి లేదని చెప్పడానికి? ఏటా ఆయన జయంతికి, సెప్టెంబర్ 27న, పేపర్లలో చూసే మాటే అది.

ముందు నూలు రాయి. షావుకారు అప్పు మీద నూలిచ్చేవాడు, బట్ట తన ధరకే తీసుకునేవాడు. మగ్గం మీద కూర్చున్నవాడికి మిగిలేది బాకీ. సంఘం పని ఏమిటయ్యా అంటే నూలు తనే తెచ్చివ్వడం, మజూరీ ముందే చెప్పడం, బట్ట తనే అమ్మడం. వినడానికి ఎంత తేలిక! 40వ నంబరు నూలంటే పౌండు బరువుకు 40 చిలపలు, అంటే నూలు చుట్టలు, చిలపకు 840 గజాలు. అంత సన్న సరుకు తూచి ఇచ్చి, బట్ట తూచి తీసుకోవాలి. తరుగు ఎంత అన్నదాని మీద ప్రతిసారీ తగువే.

మా నాయన ఓసారి బట్టకు గంజి దిట్టంగా పట్టించాడు, ఆ బరువు చాటున నాలుగు చిలపలు మిగుల్చుకోవచ్చని. సంఘం సెక్రటరీ తూకం చూసి ఏమీ అనలేదు. బట్ట అంచు వేళ్ల మధ్య నలిపాడు. బల్ల మీద తెల్లటి పొడి రాలింది. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు. షావుకారు దగ్గర ఇలాంటివి ఎన్నో చేసినవాడే, ఏనాడూ సిగ్గుపడలేదు. సంఘంలో తనకూ ఒక వాటా ఉంది, ఒక ఓటుంది. దొంగిలించింది తన ఇంట్లోనే.

ఇది 1980ల్లో ఓ వారపత్రికకు రాసిచ్చాను. ఎడిటరు గారు గంజి పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, "మహనీయుల వ్యాసంలో దొంగతనాలేంటండీ" అన్నారు. ఆ ఖాళీలో "చేనేత జాతి ఆశాజ్యోతి" అని చేర్చి అచ్చేశారు, నా పేరుతోనే. పారితోషికం ఇవ్వలేదు, కోఠి నుంచి నడిచొచ్చాను. ఆయన ఎప్పుడో పోయారు గానీ ఆశాజ్యోతి ఇంకా వెలుగుతోంది, నీ నాలుగో పేజీలో.

బోగస్ సంఘాల ఊసు కూడా ఎత్తలేదు నువ్వు. మగ్గాల్లేని సభ్యులు, కాగితాల మీద నూలు. అవి రాస్తే బాపూజీకి చిన్నతనమని భయపడ్డావు కాబోలు. ఆ దొంగ లెక్కలవాళ్లను వ్యాసంలోంచి తీసేస్తే, సంఘం నిలబెట్టడంలో కష్టమేముందని చదివేవాడు అనుకోడూ?

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, ఆ సంగతి తర్వాత. ముందు ఆ పాస్‌బుక్కు తెరువు. చివరి ఎంట్రీ ఏ తేదీన పడింది, ఎంత పడింది, ఆ తర్వాత ఎందుకు ఆగిపోయిందో మీ నానమ్మను అడుగు. ఫోన్లో అడగకు, ఊరికెళ్లి పక్కన కూర్చో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు