ఫారంలో ఖాళీగా వదిలిన గీత

చెల్లెమ్మా,

జడ్చర్ల నుంచి ఇంగ్లండ్‌కు వచ్చి మూడు నెలలే అయిందని రాశావు. మూడు సందేహాలు అడిగావు. పాపను ఏ బడిలో వేయాలి? నర్సరీలో నడుము మీది మచ్చ గురించి అడిగారు, భయపడాల్సిన పనుందా? క్లాసులో నోరు విప్పని పిల్లతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా? అన్నిటికీ చెబుతాను. కానీ ఉత్తరం చివర మాటవరసకు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "నర్సరీ ఫారంలో అత్యవసరానికి ఇంకో పేరు కావాలన్నారు అక్కా, మావారి ఆఫీసు నంబరే మళ్ళీ ఇచ్చాను." పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ అచ్చం అదే చేశాను. అందుకని ముందు ఆ సంగతే చెప్పనీ.

మాది నల్లగొండ, పానగల్లు వైపు. ఇంట్లో తొమ్మిది మందిమి. బడి వదిలే వేళకు అమ్మ రాలేకపోతే ఎదురింటి పెద్దమ్మ చేయి పట్టుకుని తీసుకుపోయి అన్నం పెట్టేది. పిల్లను ఎవరికి అప్పగించాలో కాగితం మీద రాసివ్వాల్సిన లోకం ఒకటుంటుందని నాకు తెలియదు. 2007లో బర్మింగ్‌హామ్ పక్కన ఒక చిన్న ఊళ్ళో దిగాం. అమ్మాయికి అప్పుడు మూడున్నరేళ్ళు. నర్సరీ ఫారంలో నాలుగు గీతలున్నాయి. అత్యవసరానికి పిలవాల్సిన ఒక్కొక్కరికి ఒక్కో గీత: పేరు, పిల్లకు ఏమవుతారు, ఫోను నంబరు. మొదటి గీత మీద నన్ను రాసుకున్నాను, రెండో దాని మీద ఆయనను. మూడో దాని మీద మళ్ళీ ఆయననే, ఆఫీసు నంబరుతో. నాలుగోది వదిలేశాను.

నవంబరులో ఒక రోజు పాపకు బడిలోనే జ్వరం, వాంతులు మొదలయ్యాయి. నేను అప్పుడు ఒక గోదాములో సామాను సర్దే పనికి వెళ్ళేదాన్ని. ఫోను లాకరులో పెట్టి లోపలికి పోవాలి. ఆయన లండన్‌లో మీటింగులో ఉన్నారు. బడివాళ్ళు మూడు నంబర్లకూ చేశారు, మళ్ళీ మళ్ళీ చేశారు. పదకొండు గంటల నుంచి మూడున్నర దాకా నా బిడ్డ ఆఫీసు గదిలో కుర్చీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక అట్ట గిన్నె, వాంతి వస్తే పట్టుకోవడానికి. కాళ్ళు నేలకు అందడం లేదు, ఒక బూటు ఊడి కిందపడి ఉంది. నేను వెళ్ళేసరికి ఏడుపు కూడా ఆపేసి ఆ గిన్నె అంచును గోటితో గీరుతోంది. ఆఫీసులో ఉన్నావిడ కోపగించుకోలేదు. ఫారం నా ముందు పెట్టి, ఖాళీ గీత మీద వేలుంచి, "ఇక్కడ ఇంకెవరి పేరైనా రాయగలరా?" అని అడిగింది.

ఎవరూ లేరు అన్నాను. ఏడాదిగా మనసులో ఉన్న మాటే. నోటితో అనడం మాత్రం అదే మొదటిసారి.

నీకూ అదే జరుగుతుందని భయపెట్టడం లేదు. నంబర్లు ఒకటికి మించి ఉండాలని ఇప్పుడు ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది, బడివాళ్ళు ఊరికే అడగరు. కానీ మీ తరం ఫోనులో అన్నీ చూసుకుని, పప్పుల డబ్బాలతో సహా సిద్ధపడి వస్తారు. మనిషి కావాలన్న సంగతే మరిచిపోతారు. మీ పాలమూరువాళ్ళకు వలస కొత్తదా? బొంబాయి, పుణె పనులకు పోయినవాళ్ళు మేస్త్రీ వెంట గుంపుగా పోయేవారు. ఆ కష్టం మన కష్టంతో పోల్చదగ్గది కాదు, నాకు తెలుసు. కానీ గుడిసె పక్కన గుడిసెలో ఊరి మనిషి ఉండేది. మనం మంచి జీతానికి, మంచి ఇంటికి, ఒంటరిగా వచ్చాం.

ఇక మచ్చ సంగతి. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలం, బూడిద రంగు కలిసిన మచ్చలుంటాయి. కొన్నేళ్ళలో వాటంతట అవే మాసిపోతాయి. తెల్లవారి పిల్లల్లో ఇవి అరుదు కనుక, ఎప్పుడూ చూడనివాళ్ళకు దెబ్బకు కమిలినట్టు కనిపిస్తాయి. కమిలిన చోటు రోజురోజుకూ రంగు మారుతుంది, పుట్టుమచ్చ మారదు. అంతే తేడా. మా పాపకూ ఆ మచ్చ ఉండేది. టీచరు అడిగిన రోజు ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే సరిపోయేది. కానీ టీచరు పక్కకు పిలిచి అడిగేసరికి నా గుండె జారిపోయింది. పిల్లను తీసుకుపోతారేమోనన్న భయంలో "మెట్ల మీద పడింది" అని లేని కథ చెప్పాను. సాయంత్రం ఆయనను అడిగితే "పుట్టుమచ్చ" అన్నారు. తల్లిది ఒక మాట, తండ్రిది ఒక మాట. నేనే టీచరునైతే నాకూ అనుమానం వచ్చేది. తరువాతి వారం పిల్లల బాగోగులు చూసే సోషల్ సర్వీసుల నుంచి ఒక ఆవిడ ఇంటికి వచ్చింది. పాప పడుకునే చోటు చూసింది, వంటిల్లు చూసింది, పాపతో కాసేపు ఆడింది. డాక్టరు మచ్చను చూసి కాగితం రాసిచ్చాక అంతా ముగిసింది. ఆ పది రోజులూ నాకు నిద్ర లేదు. అమ్మకు చెప్పుకుందామంటే ఫోను కార్డులో నిమిషాలు అయిపోయేవి.

నువ్వు రేపే మీ జీపీ, అంటే మీ ఇంటి డాక్టరు, దగ్గరికి వెళ్ళి మచ్చ చూపించి, రికార్డులో రాయించు. నర్సరీకి నీ అంతట నువ్వే ఆ మాట చెప్పు. ప్రతి బడిలో పిల్లల రక్షణ చూసే టీచరు ఒకరుంటారు, చాలా బడుల్లో వాళ్ళ ఫోటో వాకిలి దగ్గరే గోడ మీద ఉంటుంది. ఆవిడను పోలీసులా చూడకు. వాళ్ళు ఎందుకు అడుగుతారో తెలిస్తే నీ భయం సగం పోతుంది. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పాప సొంత బంధువు పెట్టిన హింసకు చనిపోయింది. చదువు చెప్పిస్తామని ఐవరీ కోస్ట్ నుంచి తెచ్చిన పిల్ల. ఆసుపత్రి, సోషల్ సర్వీసులు, పోలీసులు అందరూ చూశారు, గట్టిగా అడిగినవాళ్ళు లేరు. ఈ దేశానికి వచ్చాక ఆ పిల్ల ఒక్క బడిలోనూ చేరలేదు. రోజూ చూసే టీచరు లేదు, నాలుగు రోజులు కనబడకపోతే తలుపు తట్టేవాళ్ళు లేరు. లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వచ్చింది, మరుసటి ఏడు కొత్త బాలల చట్టం వచ్చింది. మచ్చ గురించి అడిగిన ఆ టీచరు మీద నాకిప్పుడు గౌరవమే ఉంది.

ఇంకొక్క మాట, కోపం రాకుండా విను. మన ఇళ్ళలో పిల్లను ఒకటి వేయడం పెద్ద విషయం కాదనుకుంటాం. ఇక్కడ స్కాట్లండ్‌లో 2020 నుంచి, వేల్స్‌లో 2022 నుంచి తల్లిదండ్రులు కొట్టడం కూడా నేరమే. ఇంగ్లండ్‌లో చట్టం అంత దూరం పోలేదు. అయినా "అమ్మ కొట్టింది" అని పాప అంటే, ఆ మాట టీచరు తనలో దాచుకోకూడదు. రోజంతా నాలుగు గోడల మధ్య పిల్లతో ఒక్కదానివే ఉంటే చేయి ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు. పక్కన మాట్లాడే మనిషి ఉంటే లేవదు.

ఇంగ్లీషు గురించి. వద్దు. ఇంట్లో తెలుగే మాట్లాడు. నేను భయపడి ఆరు నెలలు తెలుగు మానేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత? "తిను, పడుకో, తొందరగా" అన్నంత. మా మధ్య కథలు పోయాయి, అలక పోయింది, ముద్దు మాటలు పోయాయి. పాప బడిలో మాట్లాడలేదు, ఇంట్లోనూ మాట్లాడడం తగ్గించేసింది. చివరికి టీచరే నన్ను కూర్చోబెట్టి, "మీ భాషలో కథలు చెప్పండి, ఇంగ్లీషు మేం చూసుకుంటాం" అంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం మామూలేనట. ఆ రాత్రి మా పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కథ చెప్పాను. గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే నీడ గురించి. ఆ నీడ ఎవరిది అని నలభై ప్రశ్నలు వేసింది. తరువాతి నెల ఆ సంగతే క్లాసులో చెప్పింది, వచ్చిన పది ఇంగ్లీషు ముక్కలతో, చేతులతో.

చదువు నేర్పే తీరు కూడా వేరు, అక్కడ నాలా పొరపడకు. మనం "ఎస్, ఏ, టీ" అని అక్షరాల పేర్లు వల్లె వేయిస్తాం. వీళ్ళు ధ్వనులు నేర్పుతారు. "స్, అ, ట్" అని మూడూ కలిపి "సాట్" అని చదివిస్తారు. మా అమ్మాయి "స్స్" అంటుంటే నేను "ఎస్ అను" అని గద్దించేదాన్ని. బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి అయి పిల్ల పుస్తకమే ముట్టడం మానేసింది. సంచిలో పంపే పుస్తకం రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని చదివించు, చిన్న నోటుబుక్కులో ఒక వాక్యం రాయి. ఒకటో తరగతి చివర జూన్‌లో ధ్వనుల పరీక్ష ఉంటుంది, దానికి ట్యూషన్ అక్కర్లేదు.

బడి ఎంపిక. రిసెప్షన్, అంటే ఒకటో తరగతికి ముందుండే తరగతి, దరఖాస్తుకు గడువు జనవరి 15, మిగతా వివరాలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ 2024 సెప్టెంబరు నుంచి బడికి ఒక్క మాటలో ముద్ర వేయడం మానేసింది, కనుక పాత బోర్డు చూసి ఇల్లు మారకు, నివేదిక చదువు. నన్నడిగితే నడిచి వెళ్ళగలిగే బడిలో వేయి. కారులో దింపి వెళ్ళే తల్లికి ఎవరూ పరిచయం కారు. దసరాకు ఊరికి వెళ్ళాలనుకుంటే సెలవుల తేదీలు చూసుకో. అయిదేళ్ళు దాటాక అనుమతి లేకుండా మాన్పిస్తే జరిమానా తల్లికి, తండ్రికి విడివిడిగా 80 పౌండ్లు పడవచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే 160.

గేటు దగ్గర నేను దీపస్తంభం పక్కన ఒంటరిగా నిలబడేదాన్ని, ఎవరైనా పలకరిస్తే ఇంగ్లీషు రాదని. ఆ జ్వరం రోజు తరువాత నాలుగడుగులు ముందుకు వేశాను. ఒక గుజరాతీ ఆవిడ రోజూ పిల్ల బండి తోసుకుంటూ వచ్చేది. సంక్రాంతికి సకినాలు చేసి డబ్బాలో ఇచ్చాను. మూడు వారాల తరువాత ఆ డబ్బా ఢోక్లాతో తిరిగి వచ్చింది. నాలుగో గీత మీద రాసిన పేరు ఆవిడదే. మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది. అదే బడిలో ఏడు ఇళ్ళ పిల్లల ఫారాల్లో ఇవాళ నా పేరుంది. జ్వరాలకు, ఆలస్యమైన రైళ్ళకు, ఒకసారి ఒక కాన్పుకు కూడా వెళ్ళాను.

మీరుండేది మాకు అరగంట దూరమే. ఆదివారం ముగ్గురూ భోజనానికి రండి. పాప ముఖం గుర్తుపట్టని మనిషి పేరు ఫారంలో రాయకూడదు కనుక, రెండు మూడు ఆదివారాలు రావాలి. నన్ను చూసి పాప దానంతట అది పలకరించిన రోజు నర్సరీకి వెళ్ళి, ఆఫీసు నంబరు కొట్టేసి నా నంబరు రాయి. ఏమవుతారు అన్న చోట పెద్దమ్మ అని రాయి.