కౌంటీ క్రికెట్ ఆడి పబ్ పెట్టుకుంటే దిగజారినట్టా?

"ఇంగ్లండులో కౌంటీలకు, అంటే జిల్లా జట్లకు, ఆడినా పేరు రాని ఆటగాళ్లు తర్వాత పబ్‌లు పెట్టుకున్నారట. అంతగా దిగజారాల్సి వచ్చిందా?" అని అడిగారు. పెట్టుకున్నవారు చాలామందే. దిగజారడం అన్న మాట మాత్రం నాకు మింగుడుపడదు.

2006లో నాటింగ్‌హామ్‌లో చదువుకుంటూ, శనాదివారాలు ఊరి బయట ఒక పబ్‌ వంటింట్లో గిన్నెలు కడిగేవాణ్ణి. దాని యజమాని 1960ల మొదట్లో కౌంటీ ఆటగాడు. ఎక్కువగా రెండో జట్టుకే ఆడారు. పెద్ద జట్టులో చోటు దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే.

సెప్టెంబరులో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఎవరూ రాలేదు. గోడకు ఫ్రేము కట్టించి పెట్టిన పాత స్కోరుకార్డు చూపించి, "నన్ను వెతుకు" అన్నారు. రెండు జట్లలోనూ ఆయన పేరు కనిపించలేదు. తడిచేతి వేలు ఒక వరుస మీద పెట్టారు. క్యాచ్ పట్టినవారి పేరు ఉండవలసిన చోట 'సబ్' అని మాత్రమే ఉంది. బదులు ఫీల్డరుగా వెళ్లి పట్టిన క్యాచ్ అది. కౌంటరు వెనక రెండడుగులు వెనక్కి వేసి, నుదుటి దాకా చేతులెత్తి, బంతి ఎలా దిగిందో చూపించారు. అదే కార్డులో అమెచ్యూర్లకు, అంటే జీతం లేకుండా ఆడినవారికి, ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలు, జీతానికి ఆడినవారికి తర్వాత. ఆ తేడా 1962లో గాని పోలేదు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం మళ్లీ ఆ క్యాచ్ దగ్గరికే వచ్చారు.

పబ్ ఎందుకంటారా? అప్పట్లో జీతం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకే. చలికాలమంతా వేరే పని వెతుక్కోవాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి ఆడినవారికి బెనిఫిట్ మ్యాచ్ ఉండేది, దాని వసూళ్లు ఆ ఆటగాడికే. కెంట్ ఆటగాడు జేమ్స్ సీమోర్‌కు 1920లో అలా వచ్చిన డబ్బు జీతం కాదు, కానుక, దానిపై పన్ను లేదు అని 1927లో అక్కడి అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు కూడా ఇచ్చింది. పదీ పన్నెండు మ్యాచ్‌లు ఆడినవారికి ఆ అదృష్టం ఎక్కడిది? బీరు తయారుచేసే కంపెనీ తన పబ్‌ను అద్దెకిస్తే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, పై అంతస్తులో కాపురం ఉండే వీలుండేది. బదులుగా బీరంతా వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనాల్సి వచ్చేది. క్రికెటర్ ఉన్నాడంటే జనం వస్తారని కంపెనీ ఆశ. ఇందులో ఎవరి దయా లేదు. ఆయన తెల్లారకముందే నేలమాళిగలోకి దిగి పీపాలు చూసుకునేవారు. మడ్డి అడుగుకు దిగేదాకా ఎవరినీ వాటిని కదపనిచ్చేవారు కాదు.

మన పత్రికలతో నాకున్న పేచీ కూడా ఇక్కడే చెబుతాను. పబ్ అనగానే 'మద్యం దుకాణం' అని రాసేస్తారు. పల్లెల్లో అది మన రచ్చబండకు దగ్గర. అంత్యక్రియల నుంచి నేరుగా అక్కడికే వచ్చి కూర్చునేవారిని చూశాను. అసలు నాటింగ్‌హామ్‌లో టెస్టులు జరిగే ట్రెంట్ బ్రిడ్జ్ మైదానం పుట్టిందే పబ్ పెరట్లో. తాపీ పనిచేసిన విలియం క్లార్క్ 1837లో ట్రెంట్ బ్రిడ్జ్ ఇన్ నడిపే వితంతువును పెళ్లాడి, మరుసటి ఏడే దాని వెనకున్న స్థలంలో మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. ఆ పబ్ ఇప్పటికీ మైదానం పక్కనే ఉంది. అక్కడ టెస్టులు చూసి వచ్చి, పబ్ నడిపినవారిని చిన్నచూపు చూసేవాళ్లకు ఇది ఎవరైనా చెప్పాలి.

నాది హైదరాబాద్ అని తెలిశాక ఆయన అడిగిన మొదటి మాట మా ఊరి టెస్టు ఆటగాడు ఆబిద్ అలీ గురించి. 1971లో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు మీద మన గెలుపు ఫోర్ కొట్టింది ఆబిద్ అలీయే కాబట్టి ఆ సంగతే అనుకున్నాను. కాదు. "సొంత ఊళ్లో ఫీల్డింగ్ ఎలా చేసేవాడు?" అని అడిగారు. నాకేం తెలుసు? ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే, నాన్న ఫతే మైదాన్‌లో తాను చూసినదంతా అరగంట చెప్పారు. మరుసటి శనివారం అదంతా ఆయనకు అప్పజెబుతుంటే, వంటింట్లో గిన్నెలు అలాగే ఉండిపోయాయి.