చిన్నోడిని ‘ఆపు’ అనొద్దు, లలితా

చి.ల.సౌ. లలితకు తిరుపతి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఏడుస్తా చెప్పినవన్నీ విన్నాను. చిన్నోడు రెండు నెలలుగా కళ్ళు టపటపా ఆర్పుతున్నాడు, ఇప్పుడు దానికి తోడు ఊరికే గొంతు సవరించుకుంటున్నాడు, మీ ఆయన ‘ఆపరా’ అని అరిస్తే ఇంకా ఎక్కువైంది. కంటి డాక్టరేమో కళ్ళు బాగున్నాయన్నాడు. ఫోనులో సగమే చెప్పగలిగాను, అందుకే రాస్తున్నాను.

నేను పంతులమ్మగా చేరిన కొత్తల్లో మూడో తరగతిలో ఒక పిల్లోడు ఉండేవాడు. ఎక్కాలు చెప్పేటప్పుడు ముక్కు ఎగబీల్చి, కుడి భుజం చెవి దాకా ఎగరేసేవాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని బెంచీ ఎక్కించాను. వాడు బెంచీ మీద నిలబడి ఎడమచేత్తో ఆ భుజాన్ని అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. అయినా భుజం ఆ చేతి కిందే ఎగిరింది. కావాలని చేసేవాడైతే తన భుజాన్ని తానే ఎందుకు పట్టుకుంటాడమ్మా? ఆ పూట వాణ్ణి దించేశాను గానీ, ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నీ కొడుకుకి ఆ గతి పట్టకూడదు.

వీటిని టిక్స్ అంటారు. ఎక్కువగా 4 నుంచి 6 ఏళ్ళ మధ్య మొదలై, 10, 12 ఏళ్ళప్పుడు బాగా కనబడి, తరవాత చాలామందిలో తగ్గుముఖం పడతాయి. ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. కొన్ని వారాలు అసలు కనబడక మళ్ళీ తిరిగొస్తాయి. తాయెత్తు కట్టగానే తగ్గిందని అనిపించేది అందుకే. మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనీ, పెద్దామె మనసు కష్టపెట్టొద్దు. పిల్లోడి ముందు ‘వీడికేదో పట్టింది’ అనే మాట మాత్రం రానియ్యొద్దు.

తుమ్ము వచ్చే ముందు ముక్కులో గిల పుడుతుంది చూడు, చాలామంది పిల్లలకి టిక్ ముందు అట్లాంటిదే పుడుతుంది. కాసేపు బిగబట్టగలరు, అంతకుమించి వాళ్ళ వల్ల కాదు. బడిలో పొద్దంతా బిగబట్టినవాడు ఇంటి గడప దాటగానే వదిలేస్తాడు. ‘టీచరు ముందు చెయ్యడు, మన కడ చేస్తాడు, అంతా పొగరు’ అని మీ ఆయన అనేది దీన్ని చూసే. ఈ ఒక్క ముక్క ఆయనకి నిదానంగా చెప్పు. ఆపమన్నా, దాని గురించే మాట్లాడినా ఎక్కువవుతుంది. నిద్ర చాలకపోయినా, పరీక్షలొచ్చినా అంతే. మనసు పెట్టి గాలిపటం ఎగరేసేటప్పుడు ఒక్కసారీ కళ్ళు ఆర్పలేదని నువ్వే అన్నావు కదా.

మీ ఆడపడుచు కూతురు చేతులు రెక్కల్లా ఆడించేదే, ఇదీ అదేనా అని అడిగావు. కాదు. ఆ పిల్లకి 3 ఏళ్ళు నిండకముందే మొదలైంది, ఎప్పుడూ ఒకే తీరు, ఒకే లయ. గోవిందరాజస్వామి తేరు కదిలిందంటే చాలు, సంతోషం పట్టలేక ఆడించేది; పేరు పెట్టి పిలిస్తే ఆపేసేది. ఏ లోపమూ లేని పిల్లల్లోనూ అది ఉంటుంది. మాట ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా అప్పుడు ఆటిజం పరీక్ష చేయించాలి.

నువ్వు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. చూపు ఒక చోట నిలిచిపోయి, పిలిచినా తట్టినా తెలియకపోతే మూర్ఛేమో చూడాలి. గొంతునొప్పి వచ్చిపోయిన కొన్ని వారాలకో నెలలకో చేతులు నిలకడ తప్పి, గ్లాసు జారవిడిచి, రాత చెడి, మాట ముద్దగా వస్తే అది గుండెని కూడా దెబ్బతీసే రుమాటిక్ జ్వరం తాలూకు కొరియా (ఒళ్ళు అదుపు తప్పి దానంతటదే కదిలే జబ్బు) కావచ్చు. గుండె కూడా చూపించాలి, ఒక్కరోజు కూడా ఆగొద్దు.

చిన్నోడికి అవేవీ లేవు కాబట్టి నెమ్మదిగానే చూపిద్దాం. కదలికలు రెండు మూడు రకాలు, శబ్దం ఒక్కటైనా ఏడాది దాటి ఉంటే టూరెట్ అంటారు. 1885లో ఆ పేరున్న ఫ్రెంచి డాక్టరు 9 మంది రోగుల గురించి రాశాడు. బూతులు మాట్లాడే జబ్బు అని జనం అంటారు గానీ, అది కొద్దిమందిలోనే. మందులు అందరికీ అక్కర్లేదు. గిల పుట్టినప్పుడు దాన్ని గుర్తుపట్టి, దానికి అడ్డుపడే ఇంకో చిన్న కదలిక చెయ్యడం నేర్పిస్తారు, చాలామందికి పనిచేస్తుంది. చదువు మీద నిలకడ లేకపోవడం, చేతులు పదే పదే కడుక్కోవడం లాంటివి ఉంటే అవి కూడా చెప్పు. కొందరు పిల్లల్ని టిక్స్ కంటే అవే ఎక్కువ సతాయిస్తాయి.

బడికి నువ్వే పోయి టీచరమ్మతో మాట్లాడు. ఆమె పట్టించుకోకుండా ఉంటే పిల్లలూ ఊరుకుంటారు. ఒక నోటుబుక్కులో ఏది ఎప్పుడు మొదలైందో రాసిపెట్టు. వాడికి తెలియకుండా ఫోనులో నిమిషం వీడియో తియ్యి, డాక్టరు ముందు పిల్లలు ఒక్కటీ చెయ్యరు.

ఆదివారం సాయంత్రం చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేయండి. సోమవారం పొద్దున్నే రుయా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపిద్దాం, అవసరమంటే స్విమ్స్ ఆసుపత్రిలో నరాల డాక్టర్లుండే న్యూరాలజీకి పోదాం. చిన్నోణ్ణి గాలిపటం, దారం చుట్ట తెచ్చుకోమను. మా మిద్దె మీద గాలి బాగుంది.

మీ పెద్దమ్మ