పొగ ఆరిపోయిన తరువాత

చిరంజీవి సౌభాగ్యవతియైన మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

చింతూరు అవతలి ఊరి బడిలో నీకు ఉద్యోగం ఇచ్చారని, పాపాయిని కూడా వెంట తీసుకువెళుతున్నావని మీ నాన్న చెప్పాడు. మన్యం అనగానే బదిలీ కోసం కాళ్ళరిగేలా తిరిగేవారిని నా సర్వీసంతా చూశాను కనుక, నీవు మారుమాట లేకుండా చేరుతున్నందుకు గర్వపడ్డాను. 8 నెలల బిడ్డ అన్న మాట గుర్తుకు వచ్చాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దోమల చుట్టలు, ప్లగ్గుకు తగిలించే మందు సీసాలు ఇంట్లోకి రానివ్వనని, వేపాకుతో, వావిలాకుతోనే నెట్టుకువస్తానని అన్నావట. ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను.

నీళ్ళ తొట్టిని వారానికొకసారి వంపేసి, లోపలి అంచులను పీచుతో గట్టిగా రుద్ది ఆరబెట్టు. కిటికీలకు సన్నని వల కొట్టించు. వేపనూనెను కొబ్బరినూనెలో కలిపి నీ కాళ్ళకు రాసుకో, పాపకు రాయకు. కర్పూరం కరిగించిన నూనె బిడ్డ ఒంటికి అసలే తగలకూడదు, ఫిట్స్ వస్తాయి. ఎవరు ఎంత పెద్దవారు చెప్పినా ఈ విషయంలో వినకు.

ఇక పొగ సంగతి. 1971లో రంపచోడవరం అవతల ఒక పల్లెలో నేను బడి నడిపేవాడిని. మీ నాన్నకు అప్పుడు 3 ఏళ్ళు. చీకటి పడుతూనే మట్టి మూకుడులో పిడక నిప్పు వేసి, దానిపై పచ్చి వావిలాకు, ఎండు వేపాకు కలిపి ఇల్లంతా తిప్పేవాడిని. దోమ కనిపించేది కాదు. ఆ ధీమాతో, ఉక్కపోతగా ఉందని, పెళ్ళినాటి దోమతెరను మడిచి ట్రంకుపెట్టెలో పెట్టించాను. మీ నాయనమ్మ రెండు మూడు సార్లు అడిగింది, నేను విసుక్కున్నాను. నిప్పు పది గంటలకల్లా బూడిదయ్యేది. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పిన నాకు, ఆ దోమ అందరూ నిద్రపోయిన అర్ధరాత్రి వచ్చి తెల్లవారే దాకా కుడుతుందన్న ఇంగితం లేకపోయింది. ఒకనాటి ఉదయం మంచం పక్క గోడ మీద, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చున్న దోమ ఒకటి కనిపించింది. కదలలేనంత బరువుగా ఉంది. బొటనవేలితో నొక్కితే సున్నం మీద ఎర్రటి మరక పడింది. అది మీ నాన్న నెత్తురేనని అప్పుడు నాకు తోచలేదు. పది పదిహేను రోజుల తరువాత వాడికి పళ్ళు టకటకలాడేంత చలిజ్వరం వచ్చింది. మర్నాటికి తగ్గడంతో మామూలు జ్వరమే అనుకుని ఊరుకున్నాను. మూడోనాడు మళ్ళీ ముంచుకొచ్చి మాట పడిపోయింది. ఎద్దుబండిలో రంపచోడవరం చేరే వరకు వాడిని ఒడిలో పెట్టుకున్న మీ నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని, పొగ వేసుకో, తలుపులు తెరిచి, పాపను బయట ఉంచి వేసుకో. అది సందెవేళకు మాత్రమే. రాత్రికి దోమతెర ఒక్కటే దిక్కు. అంచులు పరుపు కింద దోపాలి. చిల్లు కనిపించిన రోజే కుట్టాలి. ప్రభుత్వం వారు మందు పూసిన తెరలు ఇస్తే తీసుకో, ఉతికాక నీడలోనే ఆరవెయ్యి. గోడలకు మందు కొట్టడానికి వచ్చినవారిని సహజ పద్ధతుల పేరుతో వెనక్కి పంపావంటే నాకు కోపం వస్తుంది. కొట్టిన గోడను పేడతో అలకవద్దని పనిమనిషికి కూడా చెప్పు. పాప ఒళ్ళు వెచ్చబడితే తగ్గుతుందేమోనని చూడకు, ఆ పూటే ఆశా కార్యకర్తను పిలిచి రక్తపరీక్ష చేయించు. నీకు కోపం వచ్చినా ఈ మాట ఫోనులో రోజూ అడుగుతాను.

మీ నాయనమ్మ కొత్త తెర కొని, కింద మూరెడు గుడ్డ జోడించి కుడుతోంది, పాప కాళ్ళతో తన్నినా ఊడిరాకూడదట. మంచం పొడవు, వెడల్పు తెలియక మిషను ఆగి ఉంది. కొలిచి వెంటనే రాయి.

మీ తాతయ్య