600 చదరపు అడుగులకు టన్నుల లెక్క ఎందుకు కలవడం లేదంటే

వైట్‌ఫీల్డ్‌లో మీ ఇంటి కారు దారికి రెండు అంగుళాల తారు వేయడానికి ఒక కాంట్రాక్టరు 5.2 టన్నులనీ, మరొకరు 6.5 టన్నులనీ చెప్పడానికి కారణం బహుశా మొదటివారు రోలర్ తొక్కకముందు మందాన్ని లెక్కించడమే.

1. 600 చదరపు అడుగులంటే 55.7 చదరపు మీటర్లు, రెండు అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు, అంటే 0.05 మీటరు. ఈ రెండింటినీ గుణిస్తే 2.79 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నుల చొప్పున 6.5 టన్నులు అవుతుంది.

2. కొటేషన్‌లో ‘రోలింగ్ తర్వాత 50 మిల్లీమీటర్లు’ అని తప్పక రాయించుకోండి. చాలామంది ఇదే మరిచిపోతారు. పరిచినప్పుడు 50 ఉన్న పొర అణిగాక దాదాపు 40కి దిగుతుంది. తక్కువ ధర రహస్యం అదే.

3. తవ్వకం, కంకర పునాది, ప్రైమ్ కోట్ (తారు పరిచే ముందు పునాదిపై చల్లే పలుచని తారు ద్రవం), రోలర్ అద్దె విడివిడిగా అడగండి. ఇంత చిన్న పనికి రోలర్ అద్దె టన్నుకు లెక్కేస్తే బాగా ఎక్కువే పడుతుంది.

4. లారీ రాగానే వేబ్రిడ్జి (లారీని తూచే కాటా) చీటీలో ఎన్ని టన్నులుందో చూడండి.